గోడకేసి తిరిగి నిలబడే మనిషి

ఇది దొంగలు, బంగారం, నిందపడ్డ ఒక నిర్దోషి, చివరికి గెలిచిన సత్యం ఉన్న మహాగాథ. పద్దెనిమిది పర్వాలకు తగ్గదేమోనని మొదట భయపడ్డాను కూడా.

తీరా రాయడానికి కూర్చున్నాక చూసుకుంటే దొంగ దొరకలేదు. బంగారమూ దొరకలేదు. సత్యం గెలవలేదు సరికదా, పోటీకి పేరే ఇవ్వలేదు. మిగిలినవి గోడకు బిగించిన ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని మీద అంకెలు, ఒక పెద్దాయన. కాబట్టి పర్వాలు లేవు. ఓపికుంటే చదవండి.

నేను కాలిఫోర్నియా ప్రభుత్వంలో లైసెన్సుల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి ముప్పై తొమ్మిదేళ్ళకే రిటైరయ్యాను. ఆ మాట చెప్పగానే మనవాళ్ళు కళ్ళు పెద్దవి చేసి "స్టార్టప్ అమ్మేశారా?" అంటారు. లేదండీ. ఒక అలారం కంపెనీవాళ్ళు వైర్లు ఎలా లాగారో చూద్దామని ఒకరింటి అటక ఎక్కి, దూలం మీద వేయాల్సిన కాలు జిప్సం బోర్డు మీద వేశాను. కింద వంటగది. ఇంటావిడ దోసె వేస్తున్నారు. సీలింగు, నేనూ కలిసి దిగాం. ఆవిడ ఒక్క క్షణం చూసి, "అయ్యో, దెబ్బ తగిలిందా? కూర్చోండి" అన్నారు. కూర్చునే ఉన్నాను. లేవడమే కుదరలేదు. నడుము అక్కడే వదిలేసి మెడికల్ రిటైర్‌మెంట్ తీసుకున్నాను.

ఈ మధ్య అదే ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి, మాకు తెలిసినవాళ్ళ కూతురు, ఫోన్ చేసి "అన్నా, ఈ జాబ్‌లో రియల్‌గా ఏముంటుంది?" అని అడిగింది. ప్రమోషన్ల గురించి నాకు తెలియదు, రాలేదు కాబట్టి. తెలిసింది ఇదీ.

లైసెన్సు సంగతి

మా రాష్ట్రంలో తాళాలు విప్పేవాళ్ళు, ఇళ్ళకు అలారాలు బిగించేవాళ్ళు లైసెన్సు తీసుకోవాలి. వేలిముద్రలివ్వాలి. పాత కేసులుంటే ముందే చెప్పుకోవాలి. జేబులో కార్డు పెట్టుకుని తిరగాలి. ఇది దేశమంతటా ఉందనుకునేరు. కొన్ని రాష్ట్రాల్లో జుట్టు కత్తిరించాలంటే లైసెన్సు కావాలి, ఇంటి తాళం విప్పడానికి అక్కర్లేదు. జుట్టయితే మళ్ళీ పెరుగుతుంది. ఆ తేడా ఎవరికీ తట్టినట్టు లేదు.

దీని వెనక ఉన్న ఆలోచన చిన్నదే. ప్లంబరుకి మీ పైపులు తెలుస్తాయి. అలారం బిగించేవాడికి మీ భయాలు తెలుస్తాయి. ఏ కిటికీ గడియ సరిగా పడదు, బీరువా ఏ గదిలో ఉంది, ఊరెళితే ఇల్లు ఎవరికి అప్పగిస్తారు, అన్నీ మీరే చూపించి మరీ చెబుతారు. ఆ మనిషి ఎవరో ప్రభుత్వం ఒకసారి చూసి, "పరవాలేదు, రానివ్వండి" అని కార్డు ఇస్తుంది. నమ్మకాన్ని లామినేట్ చేసి ఇవ్వడమన్నమాట. లామినేషన్ గట్టిదే. లోపలి సరుకు గురించి మాత్రం గ్యారంటీ లేదు.

వడియాలు, డ్రిల్లు

ఫ్రీమాంట్‌లో సత్యవతిగారని ఒకావిడ. కూతురి దగ్గరికి ఆరు నెలలకని వచ్చారు. ఒక మధ్యాహ్నం పెరట్లో వడియాలు పెడుతుంటే వెనక తలుపు తనంతట తాను మూసుకుని తాళం పడిపోయింది. కూతురు, అల్లుడు ఆఫీసుల్లో ఉన్నారు. పక్కింటివాళ్ళ ఫోన్లోంచి కూతురికి చెబితే, ఆ అమ్మాయి కంగారులో ఇంటర్నెట్లో మొదట కనబడిన తాళాలవాడిని పంపింది. పేరు రాయని వ్యాన్లో ఒకడు వచ్చాడు. తాళాన్ని అరనిమిషం చూసి, ఇది మామూలు తాళం కాదని తేల్చి, డ్రిల్లుతో దాని గుండెలో రంధ్రం చేశాడు. ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, వాకిట్లో అడిగింది ఇంకొకటి. ఇచ్చి పంపేశారు.

"కార్డు చూపించమన్నారా ఆంటీ?" అని అడిగాను.

"ఎట్లా అడుగుతాం బాబూ, ఎండలో పడి వచ్చాడు. మంచినీళ్ళిచ్చాను."

"మంచినీళ్ళిచ్చి అడగొచ్చు కదా."

"ఇచ్చాక అసలడగలేం. ఇంటికొచ్చినవాణ్ణి నువ్వెవరని అడిగితే ఏం బాగుంటుంది? పాపం, రెండు వడియాలు కూడా చేతిలో పెట్టాను, ఎండబెట్టుకోమని."

ఆ కంపెనీ అడ్రసు వెతుక్కుంటూ వెళితే అక్కడ లాండ్రీ ఉంది. రెండు ప్యాంట్లు ఇచ్చి వచ్చాను.

కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. చట్టం మనిషి చేతిలో కార్డు పెట్టగలదు. చూపించమని అడిగే నోరు పెట్టలేదు. మనవాళ్ళ మొహమాటానికి ఏ రాష్ట్రంలోనూ లైసెన్సు అక్కర్లేదు.

టిష్యూ ఇవ్వు, మాట ఇవ్వకు

మా సూపర్‌వైజర్ పేరు మార్లీన్. ఆవిడ బల్ల మీద రెండే వస్తువులుండేవి, టిష్యూల డబ్బా, కాక్టస్ మొక్క. మొదటిరోజే నన్ను పిలిచి, "కిరణ్, ఇక్కడికొచ్చేవాళ్ళు రెండు రకాలు. మోసపోయినవాళ్ళు, మోసం చేశారని నిందపడ్డవాళ్ళు. ఇద్దరూ ఏడుస్తారు. టిష్యూ ఇవ్వు, మాట ఇవ్వకు" అంది.

ఆవిణ్ణి విలన్ని చేద్దామని చాలా ప్రయత్నించాను. కథకు బాగుండేది. కుదరలేదు. పని తెలిసిన మనిషి, పక్షపాతం లేని మనిషి. తన పని ఎక్కడితో ఆగిపోతుందో కూడా తెలిసిన మనిషి, అదే వచ్చిన చిక్కు.

రేమండ్

రేమండ్ ఒంటరిగా అలారాల వ్యాపారం చేసుకునేవాడు. అరవై దాటిన నల్లజాతి పెద్దాయన, ఒక తెల్ల వ్యాను, ఒక నిచ్చెన. లైసెన్సు రెన్యువల్ ఎప్పుడూ ఆలస్యమే. ఆ సందర్భంగా నేను ఫోన్ చేస్తే ఎత్తి, పాత బేస్‌బాల్ ఆటల గురించి మొదలుపెట్టేవాడు. నాకు బేస్‌బాల్ అర్థం కాదు. అది ఆయనకెప్పుడూ అడ్డు రాలేదు.

పాత కేసు ఒకటుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు స్నేహితుడి కారెక్కాడు. కారు స్నేహితుడిది కాదన్న సంగతి పోలీసులు చెప్పేదాకా తెలియలేదన్నాడు. లైసెన్సుకి అప్లై చేసినప్పుడే దాచకుండా చెప్పుకున్నాడు. హియరింగ్ పెట్టి, విని, లైసెన్సు ఇచ్చారు. ఇదంతా నేను పుట్టకముందు మాట.

ఒక తెలుగువాళ్ళింట్లో పని బాగా చేశాడు. వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. అలా మా కాలిఫోర్నియాలోని డబ్లిన్, ఫ్రీమాంట్ చుట్టుపక్కల మనవాళ్ళకి ఆయన ఆస్థాన అలారంకారుడైపోయాడు. ఎవరూ చెప్పకముందే గుమ్మం దగ్గర బూట్లు విప్పేవాడు. దేవుడి పటాలున్న గోడకు మేకు కొట్టేవాడు కాదు. వంటింటి పక్కన పొగ పసిగట్టే డిటెక్టరు పెడితే పోపు వేసినప్పుడల్లా ఫైరింజన్ వస్తుందని ఒకట్రెండు ఇళ్ళలో నేర్చుకుని, అక్కడ వేడి పసిగట్టే రకం పెట్టేవాడు. పెట్టాక ఇంటావిడ చేత నాలుగు ఎండుమిరపకాయలు వేయించి, మోగకపోతే అప్పుడు దగ్గుతూ నవ్వేవాడు.

ఆయనకో అలవాటుండేది. పనంతా అయ్యాక, "ఇప్పుడు మీ నాలుగంకెల కోడ్ నొక్కండి. పుట్టినరోజు వద్దు, ఇంటి నంబరు వద్దు. ఎవరికీ తట్టనిది ఏదైనా పెట్టుకోండి" అని చెప్పి, వెనక్కి తిరిగి ఎదురు గోడకేసి నిలబడేవాడు. నుదురు గోడకు ఆనించి, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని మరీ. పిల్లలు ఒకటే నవ్వు. అయిందని చెప్పేదాకా తిరిగేవాడు కాదు. లైసెన్సు చట్టంలో ఎక్కడా ఆ నియమం లేదు. నేను వెతికాను.

డబ్లిన్‌లో శనివారం

డబ్లిన్‌లో శ్రీధర్, పద్మజ దంపతులు. పద్మజ వాళ్ళమ్మ అన్నపూర్ణమ్మగారు గుంటూరు నుంచి వచ్చి వాళ్ళతో ఉన్నారు. పాప నిత్య నాలుగో తరగతి. ఒక శనివారం అందరూ ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళి వచ్చేసరికి పడకగది అంతా నేలమీద ఉంది. అన్నపూర్ణమ్మగారి కాసులపేరు పోయింది. వాళ్ళమ్మగారిదట. వెళ్ళేటప్పుడు అలారం పెట్టే వెళ్ళారు. అది మోగలేదు. గ్యారేజీ పక్కతలుపు తీసుకుని వచ్చినవాడెవడో, లోపలికి రాగానే సరైన కోడ్ నొక్కి దాన్ని ఆపేశాడు.

పోలీసులు వచ్చారు, వేలిముద్రలు దొరకలేదన్నారు, ఇన్సూరెన్స్ నంబరిచ్చి వెళ్ళారు. ఆ పక్షంలోనే ఇంకో రెండు తెలుగిళ్ళలో అదే తీరు. మూడింటికీ అలారం పెట్టింది రేమండ్. మూడు కంప్లయింట్లు మా ఆఫీసుకొచ్చాయి. పేర్లు పలకగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మార్లీన్ నా బల్ల మీద పెట్టింది.

నేను వెళ్ళేసరికి తెలుగువాళ్ళ ఈమెయిల్ గ్రూపులో తీర్పు వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళనాటి కారు కథ కూడా ఎవరో తవ్వి తీశారు. ఈసారి ఆ కారులో తుపాకీ కూడా చేరింది.

నాలుగంకెలు

శ్రీధర్‌గారి హాల్లో కూర్చున్నాను. పద్మజగారు కాఫీ ఇచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇంకేం ఇన్వెస్టిగేట్ చేస్తారు కిరణ్ గారూ? హీ న్యూ ది కోడ్. అతనికి తప్ప ఎవరికీ తెలియదు" అన్నారు శ్రీధర్.

"ఆయన చూస్తుండగా నొక్కారా?"

నిత్య సోఫా వెనకనుంచి తల పెట్టింది. "నో, హి డిడ్న్ట్ లుక్. రేమండ్ అంకుల్ గోడ దగ్గర... లైక్, హైడ్ అండ్ సీక్ ఆడినట్టు ఉన్నాడు. నేను టెన్ కౌంట్ చేశా. బట్ హి డిడ్న్ట్ పీక్."

"నువ్వు లోపలికెళ్ళి హోంవర్క్ చేసుకో" అన్నాడు తండ్రి.

"మే ఐ?" అని నేను లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. అలారం ఆన్ చేయమన్నాను. చేశారు. ఎర్ర లైటు వెలిగింది. నేను ఒకటి, ఒకటి, ఒకటి, ఆరు నొక్కాను.

పచ్చ లైటు వచ్చింది. వెయ్యినూటపదహారు.

లోపల కుక్కరు విజిలేసింది.

"అయ్యో నాయనా, నీకెట్లా తెలిసింది?" అన్నారు అన్నపూర్ణమ్మగారు.

"మా ఇంట్లోదీ అదేనండి. మా అమ్మ పెట్టింది."

"మేం బాగా ఆలోచించి పెట్టాం కదే, ఎవరికీ తట్టదని" అన్నాడు శ్రీధర్ భార్యతో, అంకెలు తనకు ద్రోహం చేసినట్టు.

అక్కడే నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. మూడు తరాలుగా పెళ్ళిచదివింపుల నుంచి పంతులుగారి సంభావన దాకా ప్రతిచోటా అదే అంకె వింటూ పెరిగిన జాతిని పట్టుకుని, ఎవరికీ తట్టని నంబరు చెప్పమంటే ఇంకేం చెబుతుంది? రేమండ్ పుట్టినరోజు వద్దన్నాడు, ఇంటి నంబరు వద్దన్నాడు. మంగళప్రదంగా ఉండొద్దని చెప్పాలని ఆయనకెలా తెలుస్తుంది?

మిగతా రెండిళ్ళకూ వెళ్ళాను. అవీ రెండూ ఒకేసారికి తెరుచుకున్నాయి. ఆ అలారాలను దూరం నుంచి కనిపెట్టే కంపెనీ రికార్డు తెప్పిస్తే మూడింటిలోనూ నొక్కింది ఇంటివాళ్ళ కోడే. ఆ రకం ప్యానెల్లో బిగించినవాడు కోడ్ చెరిపి కొత్తది పెట్టించగలడు, ఉన్నది చదవలేడు. పైగా ఆ శనివారం రేమండ్ రోజంతా ఒక చర్చిలో వైర్లు లాగుతున్నాడు. పాస్టరు, పదిమంది ముసలమ్మలు సాక్షులు. వాళ్ళకి ఆయన బేస్‌బాల్ కథలు చెప్పాడట. అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

మనవాళ్ళేనా?

శ్రీధర్ ఇంటికి మళ్ళీ వెళ్ళి ఇదంతా చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలియదు.

"అంటే, దొంగ మనవాడేనంటావా?" మీరు కాస్తా నువ్వు అయింది.

"అనడం లేదండీ. ఎవరింట్లోనో పార్టీకి వచ్చి, వాళ్ళు కోడ్ నొక్కుతుంటే చూసినవాడు ఎవడైనా కావచ్చు. ఒకరిది తెలిస్తే అందరిదీ తెలిసినట్టే కదా."

"ఎవరింటికొచ్చినా మనవాళ్ళే కదా వచ్చేది!"

అదే నేనూ అనుకుంటున్నాను.

శ్రీధర్ గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పు. రేమండ్ తప్పు లేదని నువ్వు రిపోర్టులో రాస్తావు. ఎందుకు లేదంటే, తెలుగువాళ్ళందరి కోడూ ఒకటేనని రాయాలి. ఎవడైనా చదివితే? మా ఇల్లే కాదు, ఈ బే ఏరియాలో ఎన్నిళ్ళు తలుపులు తీసిపెట్టినట్టు?"

"అందరూ మార్చుకుంటే సరిపోతుంది కదా."

"మార్చుకుంటాం. ముందు అందరూ మార్చుకోనీ. అప్పుడు రాయి."

న్యాయంగానే ఉందనిపించింది. పద్మజగారు గ్రూపులో అందరికీ మెయిల్ పెట్టారు, కోడ్ మార్చుకోండని, కారణం చెప్పకుండా. ముప్పైమంది థాంక్యూ అన్నారు. ఒకాయన, ఈ సందర్భంగా, తన పాత సోఫా అమ్మకానికుందని రాశాడు.

అన్నపూర్ణమ్మగారు గుమ్మందాకా వచ్చారు. "బాబూ, ఆ పెద్దాయన్ని నేను చూశాను. మా ఇంట్లో భోజనం చేశాడు. పప్పులో ఆవకాయ కలుపుకుని కళ్ళవెంట నీళ్ళొస్తుంటే ఇంకొంచెం వడ్డించమన్నాడు. అట్లాంటివాడు తీసి ఉండడని నాకు ముందే తెలుసు."

"మరి చెప్పలేదేం ఆంటీ?"

"నన్నెవరడిగారు నాయనా?"

ఆధారాలు చాలవు

మార్లీన్ నా రిపోర్టు రెండుసార్లు చదివింది. "కోడ్ సంగతి తీసెయ్. బయటికొస్తే ఇళ్ళకు ప్రమాదం. అది మన పేరు మీద బయటికి రాకూడదు" అంది.

"తీసేస్తే రేమండ్ ఎందుకు నిర్దోషో చెప్పడానికి మిగిలేది చర్చి ఒక్కటే. తను రాకపోయినా కోడ్ ఎవరికో అందించాడంటారు."

"నిర్దోషి అని మనం చెప్పం కిరణ్. మనం ఇచ్చేది లైసెన్సు, కాండక్ట్ సర్టిఫికెట్ కాదు. తప్పు రుజువైతే రుజువైందంటాం. కాకపోతే ఆధారాలు చాలవంటాం. మూడో మాట లేదు."

నిజమే, లేదు. మా ఆఫీసులో శిక్షకు పదహారు రకాల వాక్యాలుండేవి. "ఈ మనిషి ఆ పని చేయలేదు" అనడానికి ఒక్కటీ లేదు. ఆధారాలు చాలవంటే వినేవాడికి ఏమర్థమవుతుంది? దొంగే, కాస్త తెలివైన దొంగ అని.

ఆ ముక్క, అందరూ కోడ్ మార్చుకునేదాకా కారణం బయటపెట్టలేనన్న ముక్క, రెండూ రేమండ్‌కి నేనే చెప్పాను. ఆయన వ్యాను వెనక డోరు తెరిచి, అంచు మీద కూర్చుని విన్నాడు.

"నా లైసెన్సు ఉంది కదా?"

"ఉంది."

"కానీ పని లేదు. వచ్చేవారం రమ్మన్నవాళ్ళందరూ వద్దన్నారు. అందరూ చాలా మర్యాదగా చెప్పారులే. ఒకరు ఊరెళ్తున్నామన్నారు, ఒకరికి కుక్కొచ్చిందట." పక్కనున్న నిచ్చెనను వ్యాన్లోకి నెట్టాడు. "నాకు పెద్దగా ఏం వద్దు ఇన్‌స్పెక్టర్. అతను తీయలేదు. ఆ ఒక్క వాక్యం. అది మీ వాళ్ళకి వినబడితే చాలు."

నా జేబులో టిష్యూలున్నాయి. ఆయన ఏడవలేదు. దాంతో నాకేం చేయాలో తెలియలేదు.

ఆ ఏడాది పార్టీల్లో, గుళ్ళో, పిల్లల కూచిపూడి ప్రోగ్రాముల్లో కనబడినవాళ్ళందరినీ అడిగేవాణ్ణి, కోడ్ మార్చారా అని. "ఇవాళ మారుస్తాం" అనేవారు కొందరు. "మార్చాంగానీ మామయ్యగారికి గుర్తుండక మళ్ళీ పాతదే పెట్టాం." "పంతులుగారు మంచి నంబరన్నారండీ." "మనింట్లో ఏముంది కిరణ్, పోవడానికి?" ఒక డాక్టరుగారు మాత్రం మార్చానని గర్వంగా చెప్పారు. ఏ నంబరని నేనడగలేదు. ఆయనే చెప్పారు, పదకొండు పదహారుకి బదులు పదహారు పదకొండు.

రేమండ్ పేరు వాళ్ళు ఆ ప్యానెల్ ముందు గడిపే ఒక్క నిమిషం మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. చెబితే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే ముందు వాళ్ళు మార్చుకోవాలి. ఇంత పకడ్బందీ తాళం నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

తాళంచెవుల కౌంటరు

రెండో ఏటికి రేమండ్ లైసెన్సు రెన్యువల్ గడువు దాటింది. ఎప్పట్లాగే ఫోన్ చేశాను. ఈసారి బేస్‌బాల్ లేదు. "ఇక వద్దులే" అన్నాడు.

కొన్నాళ్ళకు ట్రేసీ అనే ఊళ్ళో ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళితే, తాళంచెవులు కోసే కౌంటరు వెనక ఎర్ర ఏప్రన్ వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యూపాడు.

"మార్చుకున్నారా?" అదే మొదటి మాట.

"ఇంకా లేదు."

తలూపి, నేనిచ్చిన తాళంచెవిని మిషన్లో బిగించాడు. మిషన్ ఆగాక అన్నాడు, "నాకు వినబడేది, తెలుసా? గోడకేసి తిరిగితే కళ్ళు మూతపడతాయి, చెవులు మూతపడవు. మీ వాళ్ళందరి ఇళ్ళలోనూ ఒకటే దరువు. టిక్ టిక్ టిక్, ఆగి, టిక్. మొదట్లో మీ ప్రార్థన ఏదైనా అయి ఉంటుందనుకున్నాను."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఒకావిడకు చెప్పాను, ఒకే అంకె మూడుసార్లు వద్దమ్మా అని. ఆవిడ మొహం మారిపోయింది. 'చూశారా మీరు?' అంది. ఆ రోజు నుంచి నోరు మూసుకున్నాను. అప్పటికే కళ్ళు మూసుకుంటున్నాను కదా." నవ్వి, కోసిన చెవిని నా చేతిలో పెట్టాడు. "మీ ఇంటి కోడ్ మార్చారా?"

"మా అమ్మ ఒప్పుకోవట్లేదు."

"అమ్మలతో కష్టం" అన్నాడు రేమండ్.

ఆ తర్వాత నేను సీలింగులోంచి పడ్డాను, రిటైరయ్యాను. కర్రతో నడవడం వచ్చాక ఒక పని పెట్టుకున్నాను. మా ఇంటికి కొత్త అలారం వేయిద్దాం, బిగించే లైసెన్సు ఇప్పుడు లేకపోయినా సరే, పక్కన కూర్చుని రేమండే చూడాలి, మనవాళ్ళనందరినీ భోజనానికి పిలిచి వాళ్ళ ముందే అన్నీ చెప్పాలి అని. అన్నపూర్ణమ్మగారు కూడా మళ్ళీ వచ్చి ఉన్నారు, ఆవకాయ తెస్తానన్నారు. ఫోన్ చేస్తే ఆయన కూతురు ఎత్తింది. ఆ వసంతంలోనే గుండెపోటుతో పోయాడని చెప్పింది. నా పేరు విని, "ఓ, ఇన్‌స్పెక్టర్ కదా. మీరెప్పుడైనా ఫోన్ చేసి ఆ ఒక్క వాక్యం చెబుతారేమోనని అడిగేవాడు" అంది.

చెప్పాను, ఆమెకే. థాంక్యూ అంది. మర్యాదగల కుటుంబం.

భోజనానికి పిలిచినవాళ్ళందరూ వచ్చారు. రేమండ్ పోయాడని చెబితే, "అయ్యో, ఆ అలారం ఆయనా? ఏదో కేసుండేది కదా?" అన్నాడొకాయన పెరుగన్నం కలుపుకుంటూ. అన్నపూర్ణమ్మగారు మాత్రం తినడం ఆపి, విస్తరి కేసి చూస్తూ కూర్చున్నారు. ఆవకాయ అలాగే ఉండిపోయింది.

కొత్తగా చేరిన అమ్మాయికి చివరిగా ఒక మాట. ఆఫీసు వాక్యాలు ఆఫీసువి. రిటైరయ్యాక వాక్యాలు మనవి. రేమండ్ ఆ బంగారం తీయలేదు. ఎలా చెప్పగలనంటే, బే ఏరియాలో సగం తెలుగిళ్ళ అలారం కోడ్ వెయ్యినూటపదహారు కాబట్టి. అందరూ మార్చుకున్నాక రాద్దామని ఇన్నేళ్ళు ఆగాను. ఇప్పుడు రాసేశాక మార్చుకుంటారు. ఇంతవరకు చదివినవాళ్ళలో ఎంతమంది లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళారో నాకు ఇక్కడికే వినబడుతోంది.

ఎలాగూ లేచారు కాబట్టి, డబ్బా మూత తీసి లోపలి బ్యాటరీ ఎప్పుడు పెట్టిందో కూడా చూడండి. ఆ బ్యాటరీలు నాలుగైదేళ్ళకు మించి పనిచేయవు.